అడుగులతో హిమగిరిని కొలిచిన పండితుడు

బదరీ క్షేత్రాన్ని సేవించిన యాత్రికులలో పెక్కుమంది, అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మాణా గ్రామానికి కూడా వెళ్ళి వస్తారు. వ్యాస గుహను దర్శిస్తారు. బండల నడుమ ఘోషిస్తూ దుమికే సరస్వతీ నదిని, దానికి వంతెనగా పడియున్న భీమశిలను చూసి, ఆ చల్లని జలాన్ని శిరస్సున చల్లుకొని వెనుకకు మరలుతారు. యాత్ర అక్కడితో పూర్తి అవుతుంది. కాని దారి అక్కడితో ఆగదు. సరస్వతి వచ్చిన దిక్కుగా, ఆ లోయ వెంట ఇంకా ఉత్తరానికి పోగా పోగా, 5,600 మీటర్ల ఎత్తున మాణా కనుమ కలదు. అక్కడ చెట్టు లేదు, చేమ లేదు. రాయి, మంచు, గాలి మాత్రమే ఉంటాయి. దాని కావల టిబెట్టు పీఠభూమి.

1867వ సంవత్సరం జూలై మాసాంతంలో కొందరు కొండవర్తకులు ఆ కనుమను దాటి ఆవలికి నడిచారు. వారిలో ఒకని చేతిలో జపమాల ఉన్నది. నూరు అడుగులు వేసినప్పుడల్లా ఆ మాలలో ఒక పూస జారుతూ ఉండేది. చూసేవారికి అది జపం. కాని ఆ మాలలో ఉన్న పూసలు నూట ఎనిమిది కావు, సరిగా నూరు. అది నామాలను కాక అడుగులను లెక్కించే మాల. దానిని ధరించిన వ్యక్తి పేరు నైన్ సింగ్ రావత్.

శ్రీమన్నారాయణుడు వామనుడై వచ్చి, త్రివిక్రముడై, మూడు అడుగులతో లోకాలను కొలిచిన వృత్తాంతం ప్రతి వైష్ణవ గృహంలోను వినబడేదే. మానవమాత్రునికి అట్టి పాదం లేదు. అతడు భూమిని కొలవదలచినచో అడుగు వెంట అడుగు వేయవలెను. వేసిన ప్రతి అడుగును మరువక లెక్కించవలెను. లక్షల కొలది అడుగులను, ప్రాణభయం వెన్నంటి ఉండగా, ఏమరుపాటు లేకుండా లెక్కించిన మహనీయుని చరిత్ర ఇది.

జోహార్ లోయలో బాల్యం

కుమావూ మండలంలో నందాదేవి శిఖరానికి తూర్పున జోహార్ అనే లోయ ఉన్నది. గోరీ గంగ ఆ లోయలో ప్రవహిస్తుంది. నది పుట్టే హిమానీనదానికి సమీపంలో, 3,400 మీటర్ల ఎత్తున, మిలం గ్రామం కలదు. నైన్ సింగ్ పూర్వులు ఆ గ్రామస్థులు. ఆయన 1830లో జన్మించారు. తండ్రి పేరు అమర్ సింగ్.

ఆ లోయలో నివసించే షౌకా జనులకు పంటపొలాల కంటె వర్తకమే జీవనాధారం. శీతకాలంలో మంచు కప్పివేయగానే గ్రామమంతా ఇల్లు విడిచి దిగువ ప్రాంతాలకు తరలిపోయేది. వేసవిలో మరల పైకి వచ్చి, గొర్రెల వీపున చిన్న చిన్న సంచులు కట్టి, ధాన్యము, బెల్లము, వస్త్రములు టిబెట్టుకు తీసుకొనిపోయేవారు. అక్కడి నుండి ఉప్పు, ఉన్ని, టంకణము తెచ్చుకొనేవారు. ఆ ప్రయాణంలో ఊంటాధురా, జయంతి, కుంగ్రీ బింగ్రీ అనే మూడు కనుమలు ఒకదాని వెనుక ఒకటి ఎదురవుతాయి. మూడును 5,000 మీటర్లను మించినవే. నడుమ నిలిచి సేద తీరుటకు అనువైన తావు లేదు. వాతావరణం కలిసిరాని నాడు మనుష్యులు, పశువులు కూడా మంచులో మిగిలిపోయేవారు.

నైన్ సింగ్ చిన్ననాటనే తండ్రి వెంట ఆ కనుమలు దాటారు. టిబెట్టు భాష ఆయనకు వీధిలో ఆడుకొన్నంత సులభంగా అబ్బింది. అక్కడి ఆచారాలు, మర్యాదలు, అధికారుల పద్ధతులు చూసి తెలుసుకొన్నారు. కలిగిన కుటుంబం కాదు. ఏ పెద్ద విద్యాలయంలోను ఆయన చదువలేదు.

1855లో ష్లాగింట్‌వైట్ అనే జర్మను సోదరులు హిమాలయ పరిశోధనకై కుమావూకు వచ్చినప్పుడు, నైన్ సింగ్ తన బంధువైన మణి సింగ్‌తో కలిసి వారి వద్ద పనిలో చేరారు. మానస సరోవర ప్రాంతానికి, లడఖ్‌కు వారితో తిరిగారు. యంత్రాలతో ఎత్తులు, దిక్కులు కొలిచే విధానం ఆయన అప్పుడే మొదటిసారిగా చూశారు. ఆ సోదరులలో ఒకడైన అడాల్ఫ్ 1857లో కాష్గర్ నగరంలో హతుడైనాడు. పరదేశి ఆ భూములలో అడుగు పెట్టుట ఎంత ప్రమాదమో నైన్ సింగ్‌కు ఆనాడే తెలిసింది.

తరువాత ఆయన స్వగ్రామానికి తిరిగి వచ్చి మిలం పాఠశాలలో ఉపాధ్యాయుడైనారు. పిల్లలకు అక్షరాలు దిద్దించే ఆ ఉద్యోగం వల్లనే ఆయనకు పండితుడు అనే పేరు వచ్చింది. ఆ పేరే తరువాత ఖండాంతరాలలో ప్రసిద్ధమైనది.

నూరు పూసల మాల

ఆ కాలంలో హిందూదేశపు పటాన్ని సిద్ధం చేసే మహత్కార్యం జరుగుతున్నది. 1802లో మద్రాసు వద్ద ప్రారంభమైన ఆ త్రికోణమితి సర్వే, తెలుగు సీమ మీదుగా ఉత్తరానికి సాగి, హిమాలయ శిఖరాల ఎత్తును కూడా నిర్ణయించింది. కాని శిఖరాల కావల ఏమి ఉన్నదో తెలియదు. మానస సరోవరం నుండి తూర్పునకు పారే పెద్ద నది ఎటు పోవునో తెలియదు. లాసా నగరం భూగోళం మీద సరిగా ఎక్కడ ఉన్నదో తెలియదు. టిబెట్టు ద్వారాలు పరదేశీయులకు మూసి ఉన్నాయి. ఆంగ్లేయుడు పోయినచో గుర్తుపట్టబడతాడు.

సర్వేలో అధికారియైన మాంట్‌గమరీకి ఒక ఆలోచన తోచింది. సరిహద్దు జనులు వర్తకానికి, యాత్రకు టిబెట్టుకు పోతూనే ఉన్నారు కదా. వారికే కొలిచే విద్య నేర్పి పంపవచ్చునని ఆయన భావించాడు. 1863లో నైన్ సింగ్, మణి సింగ్ ఇరువురు డెహ్రాడూన్‌కు పిలువబడ్డారు. అక్కడ రెండు సంవత్సరాలు శిక్షణ జరిగింది.

ఆ శిక్షణలో మొదటిది నడక. మిట్ట అయినా, పల్లమైనా, ఇసుక అయినా, మంచు అయినా, అడుగు దూరం మారకూడదు. నైన్ సింగ్ అడుగు 31½ అంగుళాలకు స్థిరపడింది. అట్టి రెండు వేల అడుగులు ఒక మైలు. నూరు అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒకసారి తిరిగేసరికి పదివేల అడుగులు, అనగా అయిదు మైళ్ళు పూర్తి అవుతాయి. పదవ పూస ప్రతిసారి రుద్రాక్ష. తక్కినవి చిన్న ఎర్రపూసలు. కన్నులతో చూడకనే, వ్రేళ్ళ స్పర్శతోనే లెక్క తెలుస్తుంది.

రెండవది నక్షత్రజ్ఞానం. ధ్రువ నక్షత్రం క్షితిజం నుండి ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడుతుందో, ఆ స్థలపు అక్షాంశం రమారమి అంతే. నారాయణుని అనుగ్రహంతో చలించని స్థానం పొందిన ధ్రువుని కథను తెలిసిన దేశంలో ఈ సూత్రం వింతగా తోచదు. కొండల నడుమ క్షితిజం కనబడదు. కనుక ఒక పాత్రలో పాదరసం పోసి, అందులో ప్రతిబింబించే నక్షత్రానికి, ఆకాశంలోని నక్షత్రానికి మధ్య కోణాన్ని కొలిచి, అందులో సగం తీసుకొనేవారు. ఆ పాదరసాన్ని గవ్వలలో పోసి, మైనంతో మూసి దాచుకొన్నారు. కోణాన్ని కొలిచే యంత్రం పెట్టె అడుగున రహస్యపు అరలో ఉండేది.

మూడవది నీటిని మరిగించుట. సముద్రతీరంలో నీరు 100 డిగ్రీల వేడిమి వద్ద మరుగుతుంది. పైకి పోయినకొలది, ప్రతి 300 మీటర్లకు ఇంచుమించు ఒక డిగ్రీ తక్కువ వేడిమికే మరుగుతుంది. ఎత్తైన స్థలాలలో పప్పు, బియ్యం త్వరగా ఉడకకపోవడానికి కారణం ఇదే. టీ కాచుకొనే నెపంతో ఉష్ణమాపకం ఒక్కసారి ముంచి చూస్తే, ఆ స్థలం ఎత్తు గణించవచ్చు.

ఈ లెక్కలన్నీ వ్రాసి దాచుటకు టిబెట్టు యాత్రికులు చేతిలో త్రిప్పే ప్రార్థనాచక్రం ఉపయోగపడింది. మంత్రం వ్రాసిన పత్రం ఉండవలసిన చోట కొలతలు వ్రాసిన కాగితాలు చేరాయి. దారిలో ఎవరైనా సమీపిస్తే ఆయన చక్రం త్రిప్పుతూ నడిచేవారు. ప్రార్థనలో ఉన్నవానిని పలుకరించుట ఆ దేశంలో మర్యాద కాదు.

కిరోంగ్ వద్ద విఘ్నం

1865లో బంధువులిరువురు నేపాళం మీదుగా బయలుదేరి, మార్చి మాసంలో కాఠ్మాండూ చేరారు. బషహర్ దేశపు వర్తకులమని చెప్పుకొని టిబెట్టు సరిహద్దుకు పోగా, కిరోంగ్ వద్ద కాపలావారు అనుమానించి నిలిపివేశారు. ఆ ప్రాంతపు పాలకుడు మణి సింగ్‌ను పూర్వం చూసినవాడు. ముందుకు పోతే మొదటికే మోసం వచ్చేది. ఇరువురు వెనుదిరిగారు. మణి సింగ్ వేరు మార్గం పట్టారు.

నైన్ సింగ్ పట్టు విడువలేదు. వేషం మార్చి, కృత్రిమమైన జడ ధరించి, లడఖ్ దేశస్థునిగా మరల అదే కిరోంగ్‌కు వెళ్ళారు. ఈసారి ప్రవేశం లభించింది. అయితే లాసాకు పోనని, పోయినచో ప్రాణం కోల్పోవుటకు సిద్ధమని పత్రం వ్రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆయన వ్రాసి ఇచ్చారు. తరువాత లాసాకే పోయారు.

సెప్టెంబరులో బ్రహ్మపుత్ర ఎగువ తీరంలోని తాదుమ్ చేరి, కాశ్మీర రాజ్యం నుండి లాసాకు పోయే వర్తకుల గుంపులో స్థానం సంపాదించారు. ఆ గుంపుతో తూర్పుగా నడుస్తూ, పగలు అడుగులు, రాత్రి నక్షత్రాలు లెక్కించారు. తోడి వర్తకులు మాటలాడుతూ, నవ్వుతూ, పాడుతూ నడిచేవారు. ఆయన వారితో కలిసి నడవవలెను. అడిగినదానికి బదులు చెప్పవలెను. లోపల లెక్క తప్పకూడదు. చలికి వ్రేళ్ళు మొద్దుబారినప్పుడు కూడా పూస జారుతూనే ఉండవలెను. తిరుమల కొండను కాలినడకన ఎక్కుతూ మెట్టు మెట్టుకు గోవింద నామం స్మరించే భక్తుడు, మధ్యలో మాట కలిస్తే నామం జారిపోవుట ఎరిగినవాడే. ఒక్క పూటకే అంత కష్టమైన ఏకాగ్రతను ఆయన నెలల తరబడి నిలుపుకొన్నారు.

హృదయాన్ని చదువుతాడన్న భయం

అక్టోబరు మాసాంతానికి ఆ గుంపు షిగాత్సే నగరం చేరింది. సమీపంలోనే తాషిల్హున్పో అనే మహామఠం కలదు. అక్కడి మఠాధిపతియైన పంచెన్ లామా దర్శనానికి వర్తకులందరు సిద్ధమైనారు. నైన్ సింగ్ వెనుకాడారు. మహాలామా ఎదుటివాని హృదయంలోని రహస్యాలను చదువగలడని ఆ దేశంలో విశ్వాసం. తానొక్కడు మానివేస్తే తోడివారికి అనుమానం కలుగుతుంది. పోతే తన గుట్టు బయటపడుతుందేమో అన్న భయం. చివరకు పోయారు.

ఎత్తైన ఆసనం మీద కూర్చున్నది సుమారు పదకొండు సంవత్సరాల బాలుడు. అతడు దర్శనార్థులందరిని అడిగినట్లే ఈయనను కూడా మూడు ప్రశ్నలు అడిగాడు: మీ రాజు క్షేమమా, మీ దేశం సుభిక్షమా, మీకు ఆరోగ్యమా అని. అంతే. పట్టువస్త్రపు ముక్క మెడలో వేసి పంపించారు. ప్రమాదం తప్పింది.

ఆ క్షణంలో ఆయనకు కలిగిన భయం గమనింపదగినది. కిరోంగ్ పాలకుని ఎదుట, ఆయుధధారుల ఎదుట ఆయన అసత్యం చెప్పగలిగారు. ఒక పవిత్రుడు తన మనస్సులోనికి చూస్తాడన్నప్పుడు మాత్రం వణికారు. ధరించినది యాత్రికుని వేషం. చేతిలో జపమాల, ప్రార్థనాచక్రం. వాటిని భక్తితో కాక కార్యార్థమై వాడుతున్నానన్న స్పృహ ఆయనను విడువలేదని ఈ సంఘటన చెప్పకనే చెప్పుతుంది.

లాసాలో మూడు మాసాలు

చేతిలోని ధనం తరుగుతుండగా, నైన్ సింగ్ నేపాళ వర్తకులకు హిందూదేశపు జమాఖర్చుల పద్ధతి నేర్పి స్వల్ప ప్రతిఫలం పొందారు. మిలం పంతులుకు ఆ విద్య అక్కడ అన్నం పెట్టింది. గ్యాంత్సే మీదుగా, ఘోరమైన చలిలో ప్రయాణించి, 1866 జనవరి 10వ తేదీన లాసా నగరంలో ప్రవేశించారు.

అక్కడ మూడు మాసాలకు పైగా నివసించారు. సూర్యుని, నక్షత్రాలను రహస్యంగా పరిశీలించి, నగరపు అక్షాంశం 29 డిగ్రీల 39 నిమిషాలని నిర్ణయించారు. ఈనాటి సాధనాలు చెప్పేది కూడా దాదాపు అదే. నీటిని మరిగించి నగరపు ఎత్తును గణించారు. పోతల ప్రాసాదాన్ని, మఠాలను, బజారులను చూసి వివరంగా వ్రాసుకొన్నారు. బాలుడైన దలైలామా దర్శనం కూడా చేసుకొన్నారు.

అంతలో ఒకనాడు నగర వీధిలో ఆయన కంటబడినవాడు కిరోంగ్ పాలకుడు. ప్రాణం ఒడ్డి పత్రం వ్రాసి ఇచ్చినది ఆయనకే. ఆ కాలంలోనే లాసాలో ఒక చీనా దేశస్థునికి బహిరంగంగా శిరచ్ఛేదం జరిగింది. నైన్ సింగ్ భయపడి, బస మార్చి, వీధిలోనికి వచ్చుట తగ్గించారు. కాశ్మీర సంతతికి చెందిన ఇరువురు ముస్లిం వర్తకులు ఆయన లడఖ్ దేశస్థుడు కాడని కనిపెట్టారు. దాచి ప్రయోజనం లేక ఆయన నిజం చెప్పారు. వారు ఆ రహస్యాన్ని ఎవ్వరికీ చెప్పలేదు. పైగా అప్పు ఇచ్చి ఆదుకొన్నారు. పరదేశంలో మనిషిని మనిషి కాపాడిన ఇట్టి ఘట్టాలు లేకపోతే ఆ యాత్ర సాగి ఉండేది కాదు.

ఏప్రిల్ 21వ తేదీన, తాను వచ్చిన లడఖ్ వర్తకుల గుంపుతోనే లాసా విడిచి, బ్రహ్మపుత్ర తీరం వెంట పడమరగా నడిచారు. జూన్ మాసంలో కైలాస పర్వత పాదానికి, మానస సరోవర ప్రాంతానికి చేరారు. బాల్యం నుండి వింటూ, యౌవనంలో చూసిన ఆ దివ్యభూమిని ఈసారి తూర్పు దిక్కు నుండి, అడుగు అడుగు కొలుస్తూ సమీపించారు. అక్కడి నుండి స్వదేశం చేరి, అక్టోబరు 27న డెహ్రాడూన్‌లో తన లెక్కలను అప్పగించారు.

ఆ ప్రయాణంలో కొలిచిన మార్గం రమారమి 1,200 మైళ్ళు. మైలుకు రెండు వేల చొప్పున అది 24 లక్షల అడుగులు. మానస సరోవర ప్రాంతం నుండి లాసా సమీపం వరకు బ్రహ్మపుత్ర గమనం మొదటిసారిగా పటంపై నిలిచింది.

మాణా కనుమ దాటి

మరుసటి సంవత్సరమే, 1867లో, రెండవ యాత్ర. ఈసారి నైన్ సింగ్‌తో మణి సింగ్, కల్యాణ్ సింగ్ కూడా ఉన్నారు. బదరీనాథం వరకు యాత్రికులు నడిచే దారే వారి దారి. అక్కడి నుండి మాణా కనుమ దాటి, సట్లెజ్ లోయలోని తోలింగ్ మీదుగా, ఇంకా ఉత్తరాన ఉన్న థోక్ జాలుంగ్ బంగారు గనులకు పోయారు. ఆ స్థలం సుమారు 5,000 మీటర్ల ఎత్తున ఉన్నది. తాను చూసిన స్థలాలన్నిటిలోను అంతటి చలి మరెక్కడా లేదని ఆయన భావించారు. గాలి బాధకు ఓర్వలేక అక్కడివారు నేలలో గుంటలు త్రవ్వి, వాటిలో గుడారాలు వేసుకొని జీవించేవారు. ఇంకొక వింత ఏమనగా, వేసవి కంటె శీతకాలంలోనే గనులకు ఎక్కువమంది వచ్చేవారు. గడ్డకట్టిన మట్టి కూలిపడదు కనుక త్రవ్వుట అప్పుడే క్షేమం. సింధు నది ఎగువ పాయలను గూర్చిన కొత్త సమాచారం కూడా ఆ యాత్ర వల్ల లభించింది.

చివరి యాత్ర

1873లో యార్కండ్‌కు వెళ్ళిన రాయబార బృందంలో కూడా ఆయన పాల్గొన్నారు. 1874 జూలై మాసంలో, నలుబది నాలుగవ ఏట, లడఖ్‌లోని లేహ్ నుండి చివరి యాత్రకు బయలుదేరారు. బౌద్ధ భిక్షువు వేషం. వస్తువులు మోయుటకు ఇరువది ఆరు గొర్రెలు. చాంగ్‌థాంగ్ అనే ఆ ఉత్తర పీఠభూమిలో రోజుల తరబడి నడిచినా ఒక ఇల్లు కనబడదు. ఉప్పునీటి సరస్సులు, పచ్చిక, దూరాన మంచుకొండలు మాత్రమే. గొర్రెలు దారిలో మేసిన గడ్డి తప్ప వేరు మేత లేకుండా బరువు మోశాయి. చివరి వరకు రాగలిగినవి మాత్రం కొద్దియే.

నవంబరు 18న రెండవసారి లాసా చేరారు. దైవవశాన, లేహ్‌లో తనను ఎరిగిన ఒక వర్తకుడు అక్కడ ఎదురుపడ్డాడు. నైన్ సింగ్ తాను పట్టుబడినా లెక్కలు దక్కవలెనని, అంతవరకు వ్రాసిన కాగితాలను ఇరువురు సేవకులకిచ్చి లేహ్‌కు పంపివేశారు. రెండు దినాలు మాత్రమే ఉండి, రాత్రికి రాత్రి వెడలిపోవు వానివలె నగరం విడిచారు. బ్రహ్మపుత్రను దాటి దక్షిణంగా నడిచి, డిసెంబరు 24న తవాంగ్ చేరారు. ఆ తవాంగ్ నేడు అరుణాచల ప్రదేశ్‌లో ఉన్నది. అక్కడివారు ఆయనను రెండు మాసాల వరకు ముందుకు పోనివ్వలేదు. చివరకు 1875 మార్చి 1వ తేదీన అస్సాంలోని ఉదాల్‌గురి చేరారు. ఆ యాత్ర పొడవు 1,300 మైళ్ళకు పైబడినది. అందులో అధికభాగం అంతకు పూర్వం ఎవ్వరును కొలవని నేల.

ఆ యాత్రతో ఆయన శరీరం అలసిపోయింది. ఏళ్ళ తరబడి మంచుమీది వెలుగును చూసిన కన్నులు మందగించాయి. ఆపై ఆయన స్వయంగా యాత్రలు చేయలేదు. తన తరువాతివారికి విద్య నేర్పుటలో కాలం గడిపారు. అక్షాంశములను గణించే పద్ధతిపై అక్షాంశ దర్పణమనే గ్రంథం కూడా రచించారు. ఆయన బంధువు కిషన్ సింగ్ 1878 మొదలు నాలుగేళ్ళు టిబెట్టులో సంచరించారు. దొంగల భయం వల్ల తోడివారు బలవంతాన గుఱ్ఱం ఎక్కించినప్పుడు కిషన్ సింగ్ తన అడుగులకు బదులు గుఱ్ఱపు అడుగులనే లెక్కించుకొంటూ పోయారు. నైన్ సింగ్ నాటిన నియమం ఆ కుటుంబంలో అంతగా పాతుకొనిపోయింది.

పేరు లేని కీర్తి

మొదటి యాత్రా వివరాలు ప్రకటితమైనప్పుడు ఆయన పేరు వెల్లడించబడలేదు. పండితుడు అన్న మాటతోనే లోకం ఆయనను ఎరిగింది. పేరు తెలిస్తే ప్రాణానికి ముప్పు. 1868లో లండనులోని రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ బంగారు గడియారాన్ని బహూకరించింది. 1877లో అదే సంస్థ స్వర్ణపతకంతో సత్కరించింది. పారిస్ నగరపు భూగోళ పరిషత్తు కూడా ఆయనను గౌరవించింది. ప్రభుత్వం బిరుదును, ఒక గ్రామాన్ని ఇచ్చింది. 2004లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది. ఆయన పూర్వుల గ్రామం మాత్రం ఆ వైభవాన్ని నిలుపుకొనలేకపోయింది. 1962 యుద్ధంతో టిబెట్టు వర్తకం ఆగిపోగా, మిలం వాసులలో అధికులు ఇండ్లు విడిచిపోయారు. ఎన్నో ఇండ్లు పైకప్పులు లేక, రాతిగోడలుగా మిగిలాయి.

ఈ చరిత్రలో మనస్సును ఆలోచింపజేసే అంశం ఒకటి ఉన్నది. కార్యార్థమై రూపం మార్చుకొనుట మన పురాణాలకు కొత్త కాదు. హనుమంతుడు సూక్ష్మరూపంతో రాత్రివేళ లంకలో ప్రవేశించాడు. రావణుని అంతఃపురంలో నిద్రించు స్త్రీలను చూడవలసి వచ్చినప్పుడు, తాను ధర్మం తప్పుచున్నానా అని తనను తాను ప్రశ్నించుకొన్నాడు. తన మనస్సులో వికారం లేదని నిశ్చయించుకొన్న పిమ్మటనే ముందుకు సాగాడు. కాని హనుమ చేసినది రామకార్యం. నైన్ సింగ్ చేసినది రాజకార్యం. అదియును పరాయి ప్రభుత్వపు కార్యం. ఆయన వంటి వారు కొలిచి తెచ్చిన దారులు 1904లో లాసాపైకి నడిచిన ఆంగ్ల సైన్యానికి కూడా ఉపకరించాయి. టిబెట్టు ప్రజలు తమ వాకిలి మూసుకొనుటకు వారి కారణాలు వారికి ఉన్నాయి. యాత్రికుని వేషాన్ని నమ్మి దారి ఇచ్చిన వారి నమ్మకం వమ్మయినదన్న మాట కాదనరానిది.

అయినను ఆ మనిషి నిష్ఠను తక్కువ చేయుటకు వీలులేదు. ఆయన చెప్పుకొన్న ఊరు ఆయనది కాదు. పెట్టుకొన్న జడ ఆయనది కాదు. పలికిన పేరు కూడా ఆయనది కాదు. అన్నీ మార్చుకొన్న ఆ యాత్రలో మారనిది ఒక్కటే, అడుగు. చూసేవారు లేనిచోట, తప్పు లెక్క వ్రాసినా అడిగేవారు లేని ఎడారిలో, ఆయన ఒక్క పూసను కూడా ఊహతో జరుపలేదు. అందువల్లనే నూటయేబది సంవత్సరాలు గడిచిన తరువాత కూడా ఆయన చెప్పిన స్థలంలోనే లాసా నగరం ఉన్నది.

చేతిలో మాల పట్టిన ప్రతివానికి ఈ జీవితం ఒక ప్రశ్న వేస్తుంది. నూట ఎనిమిది పూసలు తిరిగివచ్చేసరికి మనస్సు ఎన్ని పూసల వద్ద ఉన్నది, ఎన్నింటి వద్ద లేదు? దూరాన్ని కొలుచుటకు పట్టిన మాలలో ఒక బడిపంతులు చూపిన శ్రద్ధ, పరమాత్మను చేరుటకు పట్టిన మాలలో ఎంతగా ఉండవలెనో ఎవరికి వారు ఆలోచించుకోదగినది.

బదరీనారాయణుని సేవించి మాణా వరకు పోయే భక్తులు, భీమశిల వద్ద నిలిచి సరస్వతి వచ్చిన దిక్కునకు ఒక్క క్షణం చూడగలరు. ఆ లోయలో పైకి పోయే కాలిబాట మీదనే ఆ పండితుడు, రెండు వేల అడుగులకు ఒక మైలు చొప్పున, మెల్లగా లెక్కించుకొంటూ నడిచి వెళ్ళాడు.